పోయిన స్క్రూ

“ఇవాళ కూడా మధ్యలో ఆగిపోతుంది, చూస్తూ ఉండు,” అంది మిషనమ్మ. కూతురు అప్పటికింకా ల్యాప్‌టాప్ మూత కూడా తెరవలేదు.

వీధిలో అందరూ ఆమెను మిషనమ్మ అనే పిలుస్తారు. ముందుగదిలో కిటికీ దగ్గర కుట్టుమిషను, దాన్ని ఆనుకుని కత్తిరింపుల బల్ల, ఆ బల్ల చివర కూతురి చదువు. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే పని ఒప్పుకున్నప్పటినుంచీ బల్లనిండా నీలం గుడ్డే. కూతురు మోచేత్తో ముక్కల్ని పక్కకి జరిపి, జానెడు చోటు చేసుకుని కూర్చుంటుంది. శుక్రవారం కాలేజీలో ప్రాజెక్టు అప్పజెప్పాలి. ఇదంతా జరుగుతున్నది సోమవారం పొద్దున.

ల్యాప్‌టాప్ వెలిగింది. పావుగంట బాగానే నడిచింది. తర్వాత లోపలి ఫ్యాను గురకపెట్టడం మొదలుపెట్టి, పెద్దదై, గొంతుకేదో అడ్డం పడ్డట్టు ఆగింది. తెర నల్లబడిపోయింది. కూతురు దాని అడుగున అరచెయ్యి పెట్టి చటుక్కున తీసేసుకుంది.

చెప్పానా లేదా అని మిషనమ్మ అనలేదు. భయపడ్డది జరిగినప్పుడు ఆమెకి గెలిచినట్టుండదు, దాని వెనకాల రాబోయేది కనిపిస్తుంది. ప్రాజెక్టు పోతుంది, ఏడాది పోతుంది, ఏడాది పోయిన పిల్లని ఎవరూ పనిలోకి తీసుకోరు. చేతిలో గుడ్డ పక్కనపెట్టి, ల్యాప్‌టాప్‌ను బోర్లా తిప్పి, ఎన్నోసారో తెలీదు గానీ మళ్ళీ స్క్రూలు లెక్కపెట్టింది. పది. తొమ్మిది నల్లవి. ఎడమచేతి మూలది మాత్రం తెల్లగా తళతళలాడుతోంది.

చొక్కాకి తొమ్మిది గుండీలు ఒక రంగువీ ఒకటి మరో రంగుదీ ఉంటే, ఆ ఒక్కటీ తర్వాత కుట్టిందని చిన్నపిల్లకైనా తెలుస్తుంది. ఇది కొన్న రోజునే, బస్సు కుదుపులకి ఊడిపోతాయేమోనని పది స్క్రూలనీ తన మిషను స్క్రూడ్రైవరుతో ఆమే ఒక్కొక్కటీ బిగించింది. బిగించడానికి కూర్చున్నప్పుడు పదీ నల్లగానే ఉన్నాయి. అది ఎవరి ముందైనా చెప్పగలదు. చెప్పింది కూడా.

“మీ బాబాయి చెయ్యి పడ్డాకే దీని రోగం ముదిరింది,” అంది.

కూతురు పెదవి కొరుక్కుంది. ఆ సంగతి వచ్చినప్పుడల్లా ఆ పిల్ల ఇలాగే చేస్తుంది. వెనకగదిలో మంచం కిర్రుమంది. అత్తగారు వింది.

నెలన్నర కిందట, ఇది మొదటిసారి వేడెక్కినప్పుడు, మరిది వచ్చి చూశాడు. వాళ్ళమ్మకి కంటి ఆపరేషనయిన కొత్త. చుక్కలు వెయ్యడానికి రోజూ సాయంత్రం వచ్చేవాడు. చుక్కలు వేశాక ల్యాప్‌టాప్‌ను పెరట్లోకి తీసుకెళ్ళి, వెలుతురులో తిప్పి తిప్పి చూసి, కాసేపటికి తిరిగి తెచ్చాడు. ఒక స్క్రూ పోయింది వదినా, లోపల దుమ్ముంటుంది, షాపులో ఇచ్చి దులిపించండి అన్నాడు. పోయిందంటే ఎక్కడ పడిపోయిందోనని మిషనమ్మ పెరడంతా వెతికింది. తర్వాత అనుమానమొచ్చి లెక్కపెడితే పది ఉన్నాయి. పోయిందన్నచోట స్క్రూ ఉంది, ఉన్నదేమో తెల్లగా కొత్తది. అంటే విప్పాడు. విప్పినవాడు లోపల్నుంచి ఏం తీశాడు? ఆ మాట అందరిముందూ అడిగేసింది. అతను ఏదో చెప్పబోయాడు, ఆమె చెప్పనివ్వలేదు. వదిన మొహంవైపు కాసేపు చూసి, గుమ్మంలో చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ తర్వాత రాలేదు. ఈలోగా ఆ మాట ఆడపడుచుకి ఫోన్లో చేరింది, ఆడపడుచు నోటినుంచి ఇంకో నాలుగిళ్ళకి.

భర్త ఈ విషయంలో నోరెత్తడు. తమ్ముడిని వెనకేసుకొస్తే పెళ్ళాంతో పేచీ, పెళ్ళాన్ని వెనకేసుకొస్తే తల్లితో పేచీ. డ్యూటీకి రోజూ అరగంట ముందే బయల్దేరుతున్నాడు.

ఆ సాయంత్రమే మిషనమ్మ ల్యాప్‌టాప్‌ను బట్టలసంచిలో చుట్టి, బస్టాపు దాటాక మేడమెట్ల కింద ఉన్న రిపేరు షాపుకి పట్టుకెళ్ళింది. షాపతన్ని అంతా భూతద్దం అంటారు. నుదుటిమీద ఎప్పుడూ ఒక భూతద్దం పట్టీతో కట్టి ఉంటుంది. టీ తాగేటప్పుడు కూడా తియ్యడు, మూడో కన్నులా దాన్ని పైకి తోసుకుంటాడంతే. గోడకి విప్పేసిన ల్యాప్‌టాపుల మూతలు వరసగా వేలాడుతున్నాయి. వాటిల్లో ఏది ఎవరిదో, ఎవరి భాగం ఎవరిదాంట్లోకి ఎక్కిందో అనుకుంది ఆమె.

అతను ల్యాప్‌టాప్‌ను బోర్లా తిప్పి, భూతద్దం కంటిమీదికి దించాడు. ఒక్క క్షణం చూశాడో లేదో,

“ఒక స్క్రూ పోయిందమ్మా,” అన్నాడు.

మరిది అన్న మాటే, అక్షరం తేడా లేదు. కళ్ళెదుట పది కనిపిస్తుంటే పోయిందంటున్నాడు. ఈ రిపేరువాళ్ళందరికీ ఇదొక ఎత్తు కాబోలు. ముందు పోయిందంటారు, మనం నమ్మి తలూపితే ఆ తర్వాత ఏది పోయినా అది ముందే పోయిందంటారు. లెక్కపెట్టుకుని వచ్చానని మాత్రం బయటపడలేదు. రేపు నేనొచ్చాక నా ఎదురుగానే విప్పాలని చెప్పింది. అతను సరేనన్నాడు, ఇవాళ చేతిలో రెండున్నాయి, పెట్టేసి వెళ్ళమన్నాడు.

పెట్టేసి వెళ్ళడమంటే మాటలా. అతను లోపలికి వెళ్ళి బీరువా తాళం వెతుక్కుంటున్నంతలో మిషనమ్మ సంచిలోంచి గుడ్డమీద గీసుకునే సుద్ద తీసి, పైమూతా కిందమూతా కలిసే సందులమీద నాలుగుచోట్ల అడ్డంగా సన్నటి గీతలు గీసింది. తెరిస్తే గీత తెగుతుంది. తెగిన గీతని మళ్ళీ అదే వాలులో కలపడం ఆమెకే చేతకాదు, ఇక అతనికేం చేతనవుతుంది.

ఇంటికొచ్చేసరికి అత్తగారు మంచంమీద తల వెనక్కి వాల్చి, తనంతట తనే కంట్లో చుక్కలు వేసుకుంటోంది. మొదటి చుక్క రెప్పమీద పడింది. రెండోది చెంపమీద. మిషనమ్మ సీసా అందుకోబోతే, వద్దులే అమ్మాయ్, నీ చెయ్యి దగ్గరికొస్తే నా కన్ను దానంతటదే మూసుకుంటోంది అంది. తిట్టినట్టు లేదు. ఉన్న సంగతి చెప్పినట్టే ఉంది. అదే ఎక్కువ గుచ్చుకుంది. డాక్టరు ఈ నెలాఖరుదాకా మానకూడదన్నాడు. చుక్క లోపలికి వెళ్ళకపోతే కన్ను ఎర్రబడుతుంది, ఎర్రబడ్డది చీము పడుతుంది, ఆ తర్వాత. ఆ తర్వాతది ఆలోచించలేక మిషనమ్మ వంటింట్లోకి వెళ్ళి, అప్పటికే కట్టేసి ఉన్న స్టవ్‌ను మరోసారి కట్టేసింది.

మంగళవారం మధ్యాహ్నం ఆమె షాపుకి వెళ్ళేసరికి ల్యాప్‌టాప్ బల్లమీదే ఉంది. పక్కన దులుపుకునే గుడ్డ, బ్రష్షులు సిద్ధంగా ఉన్నాయి.

“మీ గీతలు నాలుగూ చూసుకోండమ్మా,” అన్నాడు భూతద్దం. “చెరిగిపోతాయని తుడవడం కూడా మానేశాను.”

మిషనమ్మ మొహం కందిపోయింది. అయినా వంగి నాలుగూ చూసింది. అతను నవ్వకుండా ఆగాడు. ఒక ముక్కాలిపీట ఆమెవైపు జరిపి, కాలక్షేపానికేమైనా తెచ్చుకున్నారా, గంట పడుతుందన్నాడు. ఆమె చేతిలో హెమ్మింగు చెయ్యాల్సిన లంగా ఉంది గానీ సూదికి దారం ఎక్కించలేదు. కళ్ళలో వత్తులు వేసుకుని అతని వేళ్ళవైపే చూస్తూ కూర్చుంది.

అతను ముందుగా ఒక తెల్లకాగితంమీద ల్యాప్‌టాప్ ఆకారం గీశాడు. ఒక్కో స్క్రూ విప్పడం, బొమ్మలో అది ఎక్కడిదో అక్కడ టేపుతో అంటించడం. పొడుగువి వేరు, పొట్టివి వేరు, తారుమారైతే పొడుగుది లోపలి పలకని గుచ్చేస్తుందన్నాడు. చేతుల ముక్కలు, కాలరు ముక్కలు కలిసిపోకుండా తనూ ఇలాగే మూటలు కట్టుకుంటుంది. ఇష్టం లేకపోయినా మిషనమ్మకి ఆ పద్ధతి నచ్చింది. నచ్చినందుకు తనమీద తనకే అనుమానమొచ్చి మరింత నిటారుగా కూర్చుంది.

తొమ్మిది వచ్చాయి. పదోదాని దగ్గర ఆగాడు.

“ఇదీ, నిన్న పోయిందని చెప్పినది.”

ఇక ఆగలేకపోయింది. “ఎక్కడ పోయింది? కళ్ళముందే ఉంటే పోయిందంటారేంటి? పదీ ఉన్నాయి, నేను లెక్కపెట్టుకునే తెచ్చాను.”

అతను ఆమెవైపు అయోమయంగా చూశాడు. కాసేపటికి అర్థమయినట్టుంది, భూతద్దం పట్టీ నుదుటినుంచి విప్పి ఆమె చేతికిచ్చాడు. చూడమన్నాడు. ఆమె కంటికి ఆనించుకుని వంగింది. మిగతా తొమ్మిదింటి తలల్లోనూ ప్లస్సు గుర్తు కోసినట్టు ఉంది. దీని తలలో ప్లస్సు లేదు. గుండ్రటి గుంట, అరిగిపోయిన అంచులు. గుంట చుట్టూ నలుపు గీరుకుపోయి, లోపలి ఇనుము బయటపడి మెరుస్తోంది.

“పోవడమంటే పడిపోవడం కాదమ్మా. తల పోయింది. బల్బు పోయిందంటాం కదా, ఎక్కడికెళ్ళిందని వెతుకుతామా? అలాగ. ఇది కంపెనీ స్క్రూనే. గీరుకుపోయి తెల్లబడింది.”

మిషనమ్మ భూతద్దం కంటిదగ్గర పెట్టుకుని అలాగే ఉండిపోయింది. పెరట్లో తులసికోట చుట్టూ, బట్టలరాయి కింద, తను చీపురుపుల్లతో వెతికిన చోట్లన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. అయినా మనసు అంత తేలిగ్గా లొంగలేదు. సరే, ఇది కొత్తది కాదు. కానీ తల ఎందుకు పోయింది? ఎవరో విప్పబోతేనేగా. ఆ ఎవరో ఎవరన్నది మాత్రం మారలేదుగా.

అతను ఒక వెడల్పాటి రబ్బరుబ్యాండు కత్తిరించి స్క్రూ తలమీద పరిచాడు. దానిమీద స్క్రూడ్రైవరు ఆనించి, భుజం బరువంతా వేసి, మెల్లగా తిప్పాడు. రబ్బరు గుంటలోకి దిగి పట్టు ఇస్తుందట. ఇవ్వలేదు. రబ్బరు చిరిగి ముక్కలయింది. ఇంకోటి పెట్టాడు, అదీ అంతే. వీడు కావాలనే పాడుచేస్తున్నాడా అనుకుంది, చెమట పట్టిన అతని మెడ చూసి ఆ అనుకోవడాన్ని సగంలో ఆపింది. ఎవరో మహానుభావులు బాగా బిగించారు, విప్పడానికి తిప్పితే ఇంత గట్టిగా కూర్చోదు అని అతను తనలో తను గొణుక్కున్నాడు. ఆ మాట ఆమె చెవిన పడింది గానీ వెంటనే లోపలికి దిగలేదు.

తర్వాత చుట్టుపక్కల రంధ్రాలన్నిటికీ టేపు అంటించాడు, ఇనుపరజను లోపలికి పోకుండా. పెన్నులాంటి చిన్న మిషను తీశాడు. దాని కొసన కందిబద్దంత చక్రం. అది కీచుమంటూ స్క్రూ తలకి తగలగానే రెండు నిప్పురవ్వలు లేచాయి, కాలిన వాసన వచ్చింది. మిషనమ్మ సంచిని ఒళ్ళోకి లాక్కుంది. క్షణంలో అయిపోయింది. గుండ్రటి గుంటమీద ఇప్పుడు అడ్డంగా ఒక గాడి ఉంది, సూటిగా, మైనస్సు గుర్తులాగ.

గాడి పడింది, కానీ అందులో పట్టే స్క్రూడ్రైవరు లేదు. ఉన్నవాటిల్లో ఒకటి మందం, ఒకటి వెడల్పు, ఒకటి సరిపోయినా చుట్టూ ఉన్న ప్లాస్టిక్ గోడ అడ్డొస్తోంది. అతను డబ్బాలన్నీ బోర్లించాడు.

“ఇది పనికొస్తుందేమో చూడండి,” అని మిషనమ్మ పర్సు తెరిచింది.

వేలెడంత స్క్రూడ్రైవరు. మిషనుతోపాటు వచ్చింది. బాబిన్ డబ్బీ స్క్రూ వదులైనా, సూది మార్చాలన్నా అదే. ఎక్కడికెళ్ళినా పర్సులో ఉంటుంది. అతను దాని మొనని గాడిలో పెట్టాడు. కొలిచి కుట్టించినట్టు కూర్చుంది. తిప్పబోయి ఆగాడు. బయటికి తీశాడు. భూతద్దం కిందికి దించుకుని మొనవైపు చూశాడు. మొనకి ఒక మూల విరిగి ఉంది, ఎప్పటిదో. మళ్ళీ స్క్రూ తలవైపు చూశాడు. గుంట అంచున అర్ధచంద్రాల్లా గీతలున్నాయి, అన్నీ ఒక పక్క లోతు, ఒక పక్క పైపైన.

“ఇది మీరే వాడతారా అమ్మా, ఇంట్లో ఇంకెవరైనా తీస్తారా?”

ఇంకెవరికీ ఇవ్వను, మొన పాడవుతుంది అని జవాబు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఇందాక అతను గొణిగిన మాట ఇప్పుడు దిగింది. బాగా బిగించారు. కొన్న రోజు సాయంత్రం, ఈ బల్లలాంటి బల్లమీదే, ఒక్కొక్కటీ. తొమ్మిది బిగిశాయి. పదోది ఎంత తిప్పినా మొన జారుతూనే ఉంది. జారుతోందంటే వదులుగా ఉందనుకుంది. వదులుగా ఉందని ఇంకా నొక్కి, ఇంకా తిప్పింది. తర్వాత ల్యాప్‌టాప్‌ను అలాగే బల్లమీద పెట్టేసి, నెలన్నర కిందటిదాకా తిరగేసి చూడనే లేదు.

అతను జవాబు కోసం రెండోసారి అడగలేదు. స్క్రూడ్రైవరు ఆమె చేతిలో పెట్టాడు.

“మీరే తిప్పండి. మీ చేతికి అలవాటైనది.”

“ఎటు?”

“బిగించినదానికి ఎదురు.”

ఆమె గాడిలో మొన నిలబెట్టింది. బొటనవేలు తెల్లబడేలా నొక్కింది. మొదట ఏమీ కదల్లేదు. తర్వాత ఎక్కడో లోపల పంటికింద రాయిలా కిర్రుమని చప్పుడైంది, అది చెవికంటే ముందు వేళ్ళకి తెలిసింది. పావుచుట్టు. అర. ఆ తర్వాత ఎవరి ప్రమేయం లేనట్టు దానంతటదే తిరుగుతూ పైకొచ్చి, టేపుమీదికి ఒరిగింది.

అతను అడుగుమూత లేపాడు. లోపలి పలకమీద కంపెనీవాళ్ళు అంటించిన సీలు చిన్న ముడత కూడా లేకుండా ఉంది. ఇంతవరకూ దీన్ని ఎవరూ విప్పలేదమ్మా, విప్పితే ఈ కాగితం చిరుగుతుంది అన్నాడు. ఫ్యాను రెక్కల సందుల్లో మాత్రం దూదిలాంటిది గట్టిగా పేరుకుని ఉంది. పట్టుకారుతో లాగితే చిన్న పరుపులా మొత్తం ఊడొచ్చింది. నీలం రంగు. యూనిఫారాల నీలం.

మిషనమ్మ దాన్ని వేళ్ళమధ్య నలిపింది. ఆ పీచు ఏ తానుదో కూడా చెప్పగలదు. దొంగతనం అనుకున్నదాని మొత్తం సామాను అదే. తన బల్లమీదినుంచి లోపలికి వెళ్ళినదే తప్ప, లోపల్నుంచి బయటికి వచ్చినది ఏమీ లేదు.

అతను బ్రష్షుతో దులిపి, గాలి కొట్టి, సీసాలోంచి ఒక నల్లటి స్క్రూ వెతికి పదోచోట పెట్టి, మొత్తం బిగించాడు. ఒక్కోదాన్నీ మునివేళ్ళతో తిప్పి, ఆగగానే వదిలేశాడు. ఇంతే చాలమ్మా, అంతకంటే బిగిస్తే అది బిగింపు కాదు అన్నాడు. ల్యాప్‌టాప్ అరగంట నడిచింది. గురక లేదు.

బయల్దేరేముందు ఆమె, ఆ పోయినది నాకివ్వండని అడిగింది. అతను టేపుమీదినుంచి తీసి ఇచ్చాడు. దారిపొడుగునా దాన్ని అరచేతిలో పట్టుకునే నడిచింది. ఇంటికొచ్చి ఎవరితోనూ ఏమీ చెప్పలేదు. కూతురు వెలుగుతున్న తెరచూసి, అమ్మ మొహం చూసి, ఏమడగాలో తెలీక పనిలో పడింది.

రాత్రి గడిచింది, బుధవారం పొద్దున కూడా గడిచింది. గుండీల డబ్బా మూత తీసి స్క్రూ అందులో వేస్తుంది, మళ్ళీ తీస్తుంది. చెప్పకపోతే ఎవరికీ తెలీదు. ల్యాప్‌టాప్ బాగయింది, భూతద్దం వచ్చి చెప్పడు. మరిది దొంగ అన్నది నాలుగిళ్ళల్లో ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, కొన్నాళ్ళకి అందరూ మర్చిపోతారు. కానీ చెబితే, అతను ఆ నాలుగిళ్ళకీ వెళ్ళి ఈమెని నవ్వులపాలు చేస్తే? ఫోనే ఎత్తకపోతే? ఎత్తి, ఇప్పుడా చెప్పేది అని పెట్టేస్తే? ఎటు తిప్పినా మొన జారుతోంది.

సాయంత్రం అయిదింటికి వెనకగదిలో చుక్కలసీసా కిందపడింది. పగల్లేదు. మిషనమ్మ వెళ్ళి తీసింది. అత్తగారి కుడికన్ను అంచున సన్నటి ఎర్రజీర ఉంది. ఆవిడ రెప్పలార్చి, కోడలు ఎక్కడ నిలబడిందో పోల్చుకోవడానికి కాస్త ఎక్కువసేపు చూసింది.

సీసా చేతిలో పట్టుకునే ముందుగదిలోకొచ్చి, కూతురిని ఫోను కలపమంది. ఎవరికని అడిగితే చెప్పింది. కూతురి వేళ్ళు మీటలమీద ఆగిపోయాయి.

మొదటిసారి మోగి మోగి ఆగిపోయింది. రెండోసారి ఎత్తారు. అవతల ఏదో బండి చప్పుడు.

“నేను, వదినని. పెట్టెయ్యకు. పెట్టేస్తే మళ్ళీ చెప్పలేను.” ఆమె గుండీల డబ్బావైపు చూసింది. “ఆ స్క్రూ పాడుచేసింది నేను. కొన్నరోజే, నా మిషను స్క్రూడ్రైవరుతో. నువ్వు పోయిందంటే పడిపోయిందనుకున్నాను. లోపల సీలు కూడా చిరగలేదు, షాపతను చూపించాడు. నా గుడ్డల నూగే అడ్డం పడింది. నువ్వన్నట్టు దుమ్మే. మీ అక్కకి ఫోన్ చేసి నేనే చెప్తాను, మీ అక్క ఎవరెవరికి చెప్పిందో వాళ్ళకీ చెప్తాను. నిన్ను రమ్మని అడిగే మొహం నాకు లేదు.”

అవతలినుంచి ఏమీ రాలేదు. బండి చప్పుడు కూడా ఆగింది. మిషనమ్మ ఫోను చెవినుంచి తీసి చూసింది. కట్ కాలేదు, అంకెలు నడుస్తున్నాయి. మళ్ళీ చెవికి ఆనించుకుంది. కూతురు కదలకుండా కూర్చుంది. వెనకగదిలో మంచం కిర్రుమనలేదు, ఆవిడ కూడా ఊపిరి బిగబట్టుకుని వింటున్నట్టుంది. వీధిలో ఎవరో సైకిలు స్టాండు వేసి, ఎవరినో పిలిచి, మాట్లాడి, స్టాండు తీసి వెళ్ళిపోయారు. అంకెలు నడుస్తూనే ఉన్నాయి. మిషనమ్మ సీసాని గుప్పిట్లో ఎంత గట్టిగా పట్టుకుందో ఆమెకి తెలీలేదు, మూతమీది గాళ్ళు అరచేతిలో అచ్చుపడ్డాయి. తెలిశాక, మెల్లగా పట్టు వదిలింది.

“వదినా,” అన్నాడు మరిది చిట్టచివరికి. “చుక్కలసీసా ఫ్రిజ్‌లోంచి తీసి బయటపెట్టు. చల్లగా ఉంటే అమ్మ కన్ను మూసేసుకుంటుంది. నేను వచ్చేసరికి అరగంట పడుతుంది.”